ఒకటో నంబరు

సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగగానే ఎడం చేతి వైపు,
టైర్ల కొట్టు పక్కన మా నెట్ సెంటర్.
జిరాక్సు రెండు రూపాయలు, లామినేషన్ ముప్పై,
వెబ్ ఆప్షన్లు నూట యాభై.
భవిష్యత్తుకి వేరే రేటు లేదు,
అందులోనే కలిపేశాను.

కౌన్సెలింగ్ రోజుల్లో నా కుర్చీ చల్లారదు.
కవర్లు గుండెలకి ఆనించుకుని పిల్లలొస్తారు,
వెనకాల బాబాయిలు, మేనమామలు,
ఎవరో చెప్పిన మాటలు జేబులో మడిచి పెట్టుకుని.
"సీఎస్ఈ పెట్టండి. రాకపోతే ఏఐ.
అదీ రాకపోతే సీఎస్ఈలోనే దూరంగా ఉన్న కాలేజీ."
పెడతాను.
చదవాల్సినవాళ్ళు ఫ్యాను వైపు చూస్తుంటారు
ఆధార్ ఫోటోలో ఉన్నంత బిక్కమొహంతో.

నగీనా మాత్రం ఒక్కతే వచ్చింది.
ఆప్షన్లు మార్చుకోడానికి ఆఖరి రోజు, ఆరు దాటాక.
మూడు రోజుల కింద వాళ్ళ నాన్న మస్తాన్ వలి పక్కన కూర్చుని
నలభై ఒక్కటి పెట్టించుకు వెళ్ళిన పిల్లే.
అప్పుడు నోరు విప్పలేదు.

పదో తరగతి మెమో తీసి బల్ల మీద పెట్టింది.
అంచులన్నీ టీ మరకల రంగు.
బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో నాని,
తర్వాత ఇస్త్రీపెట్టె కింద ఆరి
లెక్కల్లో తొంభై ఎనిమిది చెరక్కుండా మిగిలిన కాగితం.

"అన్నా, ఒకటో నంబరు మార్చాలి."
"ఏం పెట్టను?"
"సివిల్."
మౌసు ఆగింది.
సివిల్ సీట్లు అడిగేవాళ్ళు లేక మిగిలిపోతున్నాయమ్మా అన్నాను,
మీ నాన్న కొడతాడు, నన్ను.

నవ్వలేదు.
ఫోన్లో ఫోటో చూపించింది. వాళ్ళ ముందుగది గోడ.
నీళ్ళు తీసిన మర్నాడు పెన్సిల్‌తో గీసిన గీత,
పక్కన గుండ్రటి అక్షరాలతో: నాలుగడుగుల రెండంగుళాలు.
వీధి వీధంతా కొలిచిందట.
మసీదు సందులో మూడడుగుల తొమ్మిది,
రేషన్ కొట్టు దగ్గర ఐదు దాటి.
"ఒకే నీళ్ళు కదన్నా, మరి గుమ్మానికో ఎత్తెందుకు?
ఎవర్నడిగినా దేవుడి దయ అంటారు.
రెండుసార్లు సున్నం వేశాం.
గీత మళ్ళీ బయటికొస్తోంది."

నేను బీకాంలో చేరింది
క్యూలో నా ముందున్నవాడు బీకాం అన్నాడని.
అది చెప్పలేదు.
పేజీ తెరిచాను. మార్చాను. సేవ్ నొక్కాను.
ఓటీపీ అడిగింది.
అది నాన్న ఫోనుకి వెళ్ళింది.

ఈ సంగతి ఎవరికీ తట్టదు:
మా పేటలో ఆడపిల్ల మనసు మార్చుకోవాలంటే
ముందు ఆరంకెలు
బెంజి సర్కిల్ సిగ్నల్లో ఆగిన ఆటోలో మోగాలి.

స్పీకర్లో పెట్టింది. హారన్లు, చిల్లర కోసం గొడవ.
"నాన్నా, మెసేజొచ్చింది చూడు, నంబరు చెప్పు."
"ఏడు. మూడు. మూడు..."
ఆగాడు.
"మొన్న పెట్టేశాం కదే. ఏం మార్చావు?"
"ఒకటో నంబరు."
తెర మీద తొంభై సెకన్లు కరుగుతున్నాయి.
"నీళ్ళ చదువా?"
"ఊఁ."
ఆటో కదిలిన చప్పుడు. మళ్ళీ ఆగిన చప్పుడు.
వెనక ఎవరో తిడుతున్నారు.
నలభై. ముప్పై అయిదు.
నా రిజల్టేదో వస్తున్నట్టు
నాకెందుకు చెమటలు?

"సున్నా," అన్నాడు. "తొమ్మిది.
చివరిది, ఆగు, కళ్ళజోడు తేలేదు, ఒకటో ఏడో."
"ఏదో ఒకటి చెప్పు నాన్నా!"
"ఒకటి."
కొట్టాను. ఎర్రగా తప్పంది.
ఏడు కొట్టాను.

ప్రింటు తీసిచ్చాను. వేడిగా ఉందని రెండు చేతులూ మార్చుకుంటూ
మొదటి వరుస మూడుసార్లు చదువుకుని
మెమోతో పాటు కవర్లో పెట్టుకుంది.
మార్పుకి యాభై చాలన్నాను.
చిల్లర లేదంటే రేపివ్వమన్నాను.

రాత్రి షట్టర్ దించబోయి
గోడకున్న క్యాలెండరు పక్కకి జరిపి చూశాను.
ఉంది, మా గోడ మీదా.
స్కేలు కోసం సొరుగంతా వెతికాను.
పదిహేను సెంటీమీటర్లదే దొరికింది.